మాత్రల అట్ట మీద ఒక్క తెలుగు వాక్యం

భారత డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి,

మా నాన్నగారికి 68 ఏళ్లు. దగ్గు తగ్గట్లేదంటే మందుల షాపులో చీటీ అడక్కుండానే లివోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. ఆస్తమాకి ఆయన అప్పటికే స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నారు. ఆ సంగతి ఎవరూ అడగలేదు. ఐదో రోజు మెట్లు దిగుతుంటే మడమ వెనక టప్పుమంది. చేత్తో మెట్టు పట్టుకుని అలాగే కూలబడిపోయారు. పిక్కను మడమకు కలిపే స్నాయువు తెగిందన్నారు డాక్టరు.

లివోఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినొలోన్ మందులతో స్నాయువు తెగే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2008లోనే మందుల మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. అరవై దాటినవారికీ, స్టెరాయిడ్లు వాడేవారికీ ముప్పు మరీ ఎక్కువ. వేరే మందు ఉండగా సైనస్, బ్రాంకైటిస్, మామూలు మూత్ర ఇన్‌ఫెక్షన్లకు ఇవి వద్దని 2016లో చెప్పింది. కొందరిలో నరాలు దెబ్బతిని అరికాళ్ల మంటలు ఏళ్ల తరబడి పోవు.

నిషేధించమనడం లేదు. మందులకు లొంగని క్షయకు ఇవి ముఖ్యమైన మందులు. కానీ లివోఫ్లాక్సాసిన్ షెడ్యూల్ హెచ్1 మందు. అమ్మే షాపు చీటీ వివరాలు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. రాష్ట్రాల అధికారులతో ఆ రిజిస్టర్లు తెరిపించండి. 'మడమ నొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవండి' అని అట్ట మీద తెలుగులో అచ్చు వేయించండి.