జీతం దయ కాదు, హక్కు

నెలంతా పనిచేసిన ఉద్యోగికి జీతం ఆగిపోతే నష్టపోయేది ఒక్క మనిషి కాదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, వృద్ధ తల్లిదండ్రుల మందులు అన్నీ ఆగిపోతాయి. కరీంనగర్ అయినా, ఆదిలాబాద్ అయినా, అలాంటి ఇంట్లో పెద్దలు చెప్పే మాట ఒకటే: "సబర్ చేయండి, అధికారులతో వైరం వద్దు." సహనం సద్గుణమే. కాని, న్యాయంగా రావలసిన దానిని అడగకుండా వదులుకోవడం సహనం కాదు.

కరోనా కారణం చూపి 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉద్యోగుల జీతాలలో, పెన్షన్లలో కొంత భాగాన్ని వాయిదా వేసింది. ఒక విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టును ఆశ్రయించగా, బకాయిలను 12 శాతం వడ్డీతో చెల్లించాలని తీర్పు వచ్చింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించినా, చేసిన సేవకు జీతం పొందడం ఉద్యోగి హక్కేనని స్పష్టం చేసింది. సస్పెన్షన్‌లో ఉన్నవారికి జీవన భృతి నిరాకరించడం జీవించే హక్కును హరించడమేనని 1999లో పాల్ ఆంథోనీ కేసులోనే చెప్పింది.

కనుక బాధితులు నోటిమాటతో తిరగడం మానాలి. మొదట జీతం బిల్లు చేసే అధికారికి లిఖితపూర్వక వినతిపత్రం ఇచ్చి, రసీదు తీసుకోవాలి. బిల్లు ట్రెజరీకి వెళ్లిందా, ఎవరి ఉత్తర్వుతో ఆగిందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 30 రోజులలో జవాబు రావాలి. అప్పటికీ ఫలితం లేకుంటే రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ వేసి, బకాయితో పాటు వడ్డీ కూడా కోరాలి. ఏళ్ల తరబడి ఊరుకుంటే పాత బకాయిలు చేజారవచ్చు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులు ఏజెన్సీనే నమ్ముకోనవసరం లేదు. కాంట్రాక్టరు చెల్లించనప్పుడు పని చేయించుకున్న శాఖదే బాధ్యత.

ఆదిలాబాద్ నుంచి హైకోర్టు దాదాపు 300 కిలోమీటర్లు. జీతం లేనివాడికి ఆ ప్రయాణమే భారం, ఇక వకీలు ఫీజు ఎక్కడిది? అందుకే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, తక్కువ ఆదాయం గల పురుషులకు పరిమితికి లోబడి, అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఈ సంగతి ఎందరు ఉద్యోగినులకు తెలుసు?

మన విశ్రాంత ఉద్యోగులు, వకీళ్లు, మస్జిద్ కమిటీల పెద్దలు నెలకు ఒక్కపూట కూర్చుని వినతిపత్రాలు రాసిపెట్టినా ఎన్నో ఇళ్లు అప్పుల నుంచి బయటపడతాయి. ఆపన్నులకు చందాలు పోగుచేసే సమాజం, వారి హక్కును వారికి ఇప్పించడం కూడా సేవగానే భావించాలి.