నేర్చుకునే చోట మార్కులు వేయొద్దు

యూజీసీ 2025 జనవరిలో విడుదల చేసిన ముసాయిదా రెగ్యులేషన్ల మీద మన పత్రికల్లో వచ్చిన చర్చంతా వైస్ చాన్సలర్ కుర్చీ చుట్టూనే తిరిగింది. సెర్చ్ కమిటీలో గవర్నర్ మాట ఎంత, రాష్ట్ర ప్రభుత్వం మాట ఎంత అన్నది చిన్న విషయమేమీ కాదు. తెలంగాణ సహా పలు రాష్ట్రాలు అభ్యంతరం చెప్పడం సమంజసమే. అయితే అదే ముసాయిదాలో అధ్యాపకుల పదోన్నతి భాగం కూడా ఉంది. ఏపీఐ (అకడమిక్ పెర్ఫార్మెన్స్ ఇండికేటర్) మార్కుల లెక్క తీసేసి, తొమ్మిది రకాల చెప్పుకోదగ్గ కృషిలో కనీసం నాలుగు చూపించమంటున్నారు. ఆ తొమ్మిదిలో వినూత్న బోధన ఒకటి. వినూత్న బోధన జరిగిందని ఎవరు తేల్చాలి? తేల్చేవాళ్లకు ఆ అర్హత ఎక్కడి నుంచి రావాలి? ఈ ప్రశ్న అడిగిన సంపాదకీయం ఒక్కటి కూడా నాకు కనబడలేదు.

అధ్యాపకుల శిక్షణ కోసం పెట్టిన మాలవీయ మిషన్ విషయంలోనూ ఇదే జరిగింది. 2023 సెప్టెంబర్ 5న ఆ కార్యక్రమం మొదలైనప్పుడు 111 కేంద్రాలు, 15 లక్షల మంది అధ్యాపకులు, రెండు వారాల ఆన్‌లైన్ శిక్షణ అన్న అంకెలు మొదటి పేజీకెక్కాయి. విదేశీ విశ్వవిద్యాలయాల్లోని బోధనా కేంద్రాల్లాంటివి మనకూ వచ్చాయని కొందరు రాశారు. పాతికేళ్లు అధ్యాపకుల శిక్షణ కార్యక్రమాల్లో పనిచేసినదాన్ని కాబట్టి ఆ పోలిక చదివి ఊరుకోలేకపోతున్నాను. ఆ విదేశీ కేంద్రాల వెనుక ఒక వృత్తి సంఘం ఉంది, ఆ సంఘానికి ఒక నియమం ఉంది. ఆ నియమాన్ని వదిలేసి భవనాలనూ బోర్డులనూ పోల్చి చూస్తే విషయం అర్థం కాదు.

అమెరికాలో ఆ సంఘం పేరు ప్రొఫెషనల్ అండ్ ఆర్గనైజేషనల్ డెవలప్‌మెంట్ నెట్‌వర్క్. అందరూ ‘పాడ్’ అంటారు. 1976లో పుట్టింది. అంతకు ముందు అక్కడ అధ్యాపక వికాసం అంటే పరిశోధనకు సెలవు, సదస్సుకు వెళ్లిరావడానికి ఖర్చు, అంతే. మిషిగన్ విశ్వవిద్యాలయం 1962లోనే బోధన మీద పరిశోధనకు ప్రత్యేక కేంద్రం పెట్టింది గానీ అలాంటివి అరుదు. 1960ల చివర విద్యార్థి ఉద్యమాలు వచ్చాక పాఠం చెప్పే తీరు మీదా నిలదీత మొదలైంది. దాతృత్వ సంస్థలు డబ్బు ఇచ్చాయి. సాహిత్యం, మనస్తత్వ శాస్త్రం, జీవశాస్త్రం, ఇలా రకరకాల శాఖల నుంచి వచ్చిన కొద్దిమంది తోటి అధ్యాపకుల బోధనకు తోడుండటమే తమ పనిగా పెట్టుకున్నారు. తమ క్యాంపస్‌లో ఆ పని చేసే రెండో మనిషి ఉండడు కాబట్టి సంఘం కట్టుకున్నారు. ఏటా సదస్సు జరుపుతారు. 1982 నుంచి సొంత జర్నల్ నడుపుతున్నారు. వృత్తికి నైతిక నియమావళి రాసుకున్నారు.

ఆ నియమావళిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది గోప్యత. సహాయం కోసం వచ్చిన అధ్యాపకుడి గురించి తెలిసిన సంగతిని అతని అనుమతి లేకుండా నియామకాలు, పదోన్నతులు నిర్ణయించేవాళ్లకు చేరవేయకూడదు. నేర్పే గదికీ లెక్కగట్టే గదికీ మధ్య గోడ ఉండాలన్నమాట.

ఆ గోడ ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ క్లార్క్ రూపొందించిన పద్ధతి ఒకటి అక్కడ చాలా కేంద్రాల్లో వాడుకలో ఉంది. సెమిస్టర్ సగానికి వచ్చింది, క్లాసులో పిల్లలు నోరు విప్పడం లేదు. అధ్యాపకురాలు కేంద్రాన్ని అడుగుతుంది. ఒక నిపుణుడు క్లాసుకు వస్తాడు, ఆమె బయటికి వెళ్లిపోతుంది. పిల్లలు నలుగురైదుగురు చొప్పున గుంపులుగా కూర్చుంటారు. మీరు నేర్చుకోవడానికి ఈ క్లాసులో ఏది పనికొస్తోంది, ఏది అడ్డుపడుతోంది, ఏం మారిస్తే బాగుంటుంది అని అడుగుతారు. గుంపు ఒప్పుకున్న మాటే కాగితం మీదికి వస్తుంది. నిపుణుడు వాటిని బోర్డు మీద రాసి, క్లాసంతా అదే అనుకుంటోందా అని సరిచూసుకుంటాడు. తర్వాత అధ్యాపకురాలితో విడిగా కూర్చుంటాడు. మరుసటి క్లాసులో ఆమే పిల్లలకు చెబుతుంది, ఇది మారుస్తాను, ఇది మార్చలేను, కారణం ఇదీ అని. ఆ కాగితం శాఖాధిపతికి వెళ్లదు. వెళ్తుందంటే ఆమె ఆ నిపుణుణ్ని పిలిచేదే కాదు. ఆ దేశంలో టీచింగ్ అసిస్టెంట్లుగా పనిచేస్తున్న మన తెలుగు పిల్లల్లో ఇలాంటి కేంద్రాల్లో మొదటి పాఠాలు నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను అడిగితే ఈ తేడా చెబుతారు.

ఇక్కడి సంగతి నేను చూసిందే చెబుతాను. ఒక మూడు వారాల శిక్షణ కార్యక్రమంలో మైక్రో టీచింగ్ జరుగుతోంది. ఒక్కొక్కరూ పది నిమిషాలు పాఠం చెప్పాలి, వెనక వరసలో ఇద్దరు మూల్యాంకన షీట్లు పట్టుకుని కూర్చున్నారు. ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్ ఆవర్తన పట్టిక పాఠం చెప్పాడు. తడబాటు లేదు, మంచి గ్రేడు వచ్చింది. టీ తాగుతున్నప్పుడు నా దగ్గరికి వచ్చి, తనకు అసలు కష్టంగా ఉన్నది స్టీరియో కెమిస్ట్రీ అని చెప్పాడు. బోర్డు మీద గీసిన అణువును పిల్లలు మూడు దిక్కులా ఊహించుకోలేకపోతున్నారట. మరి ఆ పాఠమే ఎందుకు చెప్పలేదని అడిగాను. “ఆ షీటు ఎటు పోతదో ఎవరికెరుక మేడమ్” అన్నాడు. ఆ సాయంత్రం కార్యక్రమం అయిపోయాక బంకమట్టి, అగ్గిపుల్లలు ముందేసుకుని ఇద్దరం గంటసేపు కూర్చున్నాం. కుడి ఎడమల బొమ్మలు రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెడితే ఎందుకు కలవవో పిల్లల చేతే ఎలా చూపించవచ్చో తేల్చుకున్నాం. మూడు వారాల్లో అతను నిజంగా నేర్చుకున్నది ఆ గంటలోనే. అది ఏ షీటులోనూ నమోదు కాలేదు.

ఇది ఆ ఒక్క కార్యక్రమంలో జరిగిన పొరపాటు కాదు. మన చట్రమే అలా కట్టారు.

1986 జాతీయ విద్యావిధానం వెంట అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో వాటిని చూసినవాళ్లకు ఆ తొలినాళ్ల ఉత్సాహం గుర్తుండే ఉంటుంది. కొత్తవాళ్లకు నాలుగు వారాల ఓరియెంటేషన్, తర్వాత మూడు వారాల రిఫ్రెషర్. సరిగ్గా అదే కాలంలో, 1986 జనవరి 1 నుంచి లెక్కకట్టిన కొత్త వేతన స్కేళ్లతో పాటు కెరీర్ అడ్వాన్స్‌మెంట్ పథకం (క్యాస్) వచ్చింది. సీనియర్ స్కేలు కావాలంటే ఈ కోర్సులు చేసి ఉండాలన్నారు. శిక్షణ, వేతనం అలా ఒకే ఫైలులోకి చేరాయి. 2015లో ఆ కాలేజీల పేరు మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా మారింది, ఆ తర్వాత మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. బోర్డు రెండుసార్లు మారినా ఫైలు మారలేదు. 2018 రెగ్యులేషన్లలో బోధనకు ఇచ్చిన కొలమానం చూడండి. అప్పగించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే మంచిది. 70కి తగ్గకుండా ఉంటే సంతృప్తికరం. ఎన్ని క్లాసులు తీసుకున్నారన్నదే లెక్క. ఆ క్లాసులో ఏం జరిగిందన్నది కొలమానంలో లేదు.

ఇక్కడ చట్టం ఏమంటోందో నిదానంగా చదవాలి. యూజీసీ చట్టం 1956లోని 26వ సెక్షన్ అధ్యాపకుడి నియామకానికి సాధారణంగా ఉండాల్సిన అర్హతలను నిర్ణయించే అధికారం, ప్రమాణాల నిర్వహణకు రెగ్యులేషన్లు చేసే అధికారం ఇచ్చింది. మన చర్చలన్నీ ఈ సెక్షన్ మీదే జరుగుతాయి. 1994లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వర్సెస్ రాజ్ సింగ్ కేసులో, నెట్ అర్హత తెచ్చిన 1991 రెగ్యులేషన్లు చెల్లుతాయంటూనే వాటిది సిఫారసు స్వభావమని సుప్రీంకోర్టు చెప్పింది. పాటించకపోతే గ్రాంటు ఆగవచ్చు, అంతవరకే. 2015లో కల్యాణి మదివాణన్ కేసులో రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు రెగ్యులేషన్లు వర్తించాలంటే రాష్ట్రం వాటిని స్వీకరించి ఉండాలన్నారు. 2022లో గుజరాత్, కేరళ వైస్ చాన్సలర్ల కేసుల్లో అవి కట్టుబడాల్సినవే అన్న తీర్పులు వచ్చాయి. పత్రికలు ఈ చివరి తీర్పులను మాత్రమే పట్టుకున్నాయి. ముప్పై ఏళ్లలోపే సిఫారసు ఆదేశంగా మారిన తీరును పాఠకులకు చెప్పలేదు.

నా దృష్టిలో అసలు కీలకం 12వ సెక్షన్‌లో ఉంది. బోధన, పరీక్షలు, పరిశోధనల ప్రమాణాలు నిర్ణయించి కాపాడటం యూజీసీ సాధారణ బాధ్యత అంటూనే, ఆ చర్యలు విశ్వవిద్యాలయాలతో లేదా సంబంధిత ఇతర సంస్థలతో సంప్రదించి తీసుకోవాలని ఆ సెక్షన్ చెబుతోంది. సంబంధిత ఇతర సంస్థలు అన్న మాటను శాసనకర్తలు ఊరికే చేర్చలేదని నా నమ్మకం. ప్రమాణం అన్నది ఆ పని చేసేవాళ్ల నుంచి పుట్టాలి, ప్రభుత్వ సంస్థ దాన్ని గుర్తించి నిలబెట్టాలి. న్యాయవాదికి బార్ కౌన్సిల్ ఉంది. డాక్టరుకూ అలాంటి వృత్తి మండలే ఉంది. విశ్వవిద్యాలయ అధ్యాపకుడికి పాఠం చెప్పడంలో తోడుండేవాళ్ల సంఘానికి మాత్రం మన రెగ్యులేషన్లలో ఎక్కడా స్థానం లేదు. నలభై ఏళ్లుగా ఆ ‘ఇతర సంస్థలు’ అన్న మాటను శిక్షణ విషయంలో వాడుకోనే లేదు. ముసాయిదా పెట్టి ప్రజల నుంచి ఈ–మెయిళ్లు స్వీకరించడాన్నే సంప్రదింపు అనుకుంటే ఆ సెక్షన్‌ను కుదించి చదువుతున్నట్టే.

సంఘం ముందు నడిస్తే ఏమవుతుందో బ్రిటన్ చూపించింది. అక్కడి స్టాఫ్ అండ్ ఎడ్యుకేషనల్ డెవలప్‌మెంట్ అసోసియేషన్, పొట్టిగా సెడా, 1993లో రెండు సంఘాల కలయికతో ఏర్పడింది. డేవిడ్ బామ్ దాని తొలి అధ్యక్షుడు. అధ్యాపకులకు బోధన నేర్పే కోర్సులకు గుర్తింపు ఇచ్చే పథకాన్ని ఆ వృత్తిలో ఉన్నవాళ్లే 1990ల తొలినాళ్లలో స్వచ్ఛందంగా మొదలుపెట్టారు. ఏ ప్రభుత్వమూ అడగలేదు. గుర్తింపు కావాలంటే కోర్సు గంటలు చూపిస్తే సరిపోదు. విద్యార్థులు ఎలా నేర్చుకుంటారో అర్థం చేసుకోవడం, తన పనిని తానే నిరంతరం పరిశీలించుకోవడం లాంటి విలువలు ఆచరణలో ఉన్నాయని చూపించాలి. 1997లో డియరింగ్ కమిటీ జాతీయ స్థాయి సంస్థ కావాలని సిఫారసు చేసే నాటికి చేతిలో నడుస్తున్న నమూనా ఉంది. 1999లో ఆ సంస్థ వచ్చింది, 2004లో హయ్యర్ ఎడ్యుకేషన్ అకాడమీలో కలిసింది, 2006లో జాతీయ వృత్తి ప్రమాణాలు వచ్చాయి. వృత్తి ముందు నడిచింది, దేశం వెనక వచ్చింది. సముద్రం దాటితే కనిపించే కొలంబో విశ్వవిద్యాలయం కూడా తన అధ్యాపకుల కోర్సుకు సెడా గుర్తింపు తెచ్చుకుంది. దక్షిణాసియాలో ఇది కుదరదనే మాటకు అదే జవాబు.

దీనికి ఎదురు వాదనలు లేకపోలేదు. 15 లక్షల మందికి శిక్షణ ఇవ్వడం ఏ సంఘం వల్లా కాదంటారు. నిజమే, ఆ పని యూజీసీదే. అయితే శిక్షణ కేంద్రాలు నడపడం వేరు, ఆ కేంద్రాల్లో పనిచేసే మనిషికి వృత్తి ధర్మం ఏమిటో చెప్పడం వేరు. ప్రజల డబ్బు ఖర్చు పెడుతున్నప్పుడు మూల్యాంకనం వద్దంటే ఎలా అంటారు. మూల్యాంకనం ఉండాల్సిందే. అది కేంద్రానికి జరగాలి. 2018లో అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్‌తో కలిసి పాడ్ ప్రచురించిన కొలమానం సరిగ్గా అదే చేస్తుంది. కేంద్రానికి నిలకడగా నిధులు, సిబ్బంది ఉన్నాయా, సంస్థలో దానికి చోటుందా, అది ఏయే సేవలు అందిస్తోంది అని అడుగుతుంది. సహాయం కోసం వచ్చిన అధ్యాపకుడి బలహీనతను అడగదు. అమెరికాలోనూ నిధుల కోతలో మూతపడ్డ కేంద్రాలున్నాయి, గోప్యత మీద పరిపాలన ఒత్తిడి ఉంది. అలాంటప్పుడు ఆ కేంద్రాల్లోని మనిషి తన వృత్తి నియమం ఇది అని చూపించగలడు. మన కేంద్రాల్లో పనిచేసేవాళ్ల చేతిలో చూపించడానికి కాగితమే లేదు.

పైగా ఆ కేంద్రాల్లో ఈ పనినే జీవితంగా పెట్టుకున్నవాళ్లు ఎందరు? నేను చూసిన చోట్ల డైరెక్టర్ పదవి ఎక్కువగా మరో శాఖ ప్రొఫెసర్‌కు అదనపు బాధ్యత. పదవీకాలం ముగిశాక నేర్చుకున్నదంతా ఆయనతోనే వెళ్లిపోతుంది, కొత్తగా వచ్చినవాళ్లు రిసోర్స్ పర్సన్ల ఫోన్ నంబర్ల జాబితాతో మొదలుపెడతారు. వృత్తి లేనిచోట సంఘం పుట్టదు. సంఘం లేనిచోట నియమం పుట్టదు. నియమం లేనిచోట కెమిస్ట్రీ లెక్చరర్ తనకు వచ్చిన పాఠమే మళ్లీ చెబుతాడు.

అందుకే వినూత్న బోధనను పదోన్నతి లెక్కలో చేర్చినంత మాత్రాన మేలు జరుగుతుందని నేను నమ్మను. నేర్చుకునే గదికీ లెక్కగట్టే గదికీ మధ్య గోడ కట్టకుండా చేర్చితే అధ్యాపకుడు కొత్త పాఠం ప్రయత్నించడు, కొత్తగా కనిపించే పాఠం తయారుచేస్తాడు. శిక్షణకు హాజరైనట్టు ధ్రువపత్రం క్యాస్ ఫైలులో ఉంటే ఉండనీయండి, గ్రేడు మాత్రం అందులోకి రాకూడదు. కేంద్రాల్లో పూర్తికాలపు పోస్టులు కావాలి. వాళ్లు కట్టుకునే సంఘాన్ని 12వ సెక్షన్ కింద సంప్రదించాల్సిన సంస్థగా యూజీసీ గుర్తించాలి.

ఢిల్లీ కదిలేదాకా మన రాష్ట్రాలు ఎదురుచూడనక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు తమ డిగ్రీ కాలేజీల అధ్యాపకులకు నడిపే కార్యక్రమాల్లో ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు. వెనక వరసలో కూర్చున్నవాళ్ల చేతిలోని ఆ షీటు అడుగున, ఇందులో రాసింది పాఠం చెప్పినవాళ్లకు తప్ప మరెవరికీ చేరదు అని ఒక్క వాక్యం అచ్చు వేయించాలి. దానికి ఏ రెగ్యులేషనూ అడ్డురాదు. ఆ వాక్యం ఉంటే చాలు, ఆ కెమిస్ట్రీ లెక్చరర్ ఆవర్తన పట్టిక పక్కన పెట్టి స్టీరియో కెమిస్ట్రీ పాఠంతో ముందుకొస్తాడు.