మన పద్దు లేని వరి చిట్టా

మంగినపూడి మొదలు నాగాయలంక వఱకు సముద్రమునకు దాపుగా వరి సాగుచేయు మన సభ్యులకు ఉప్పు క్రొత్త విషయము కాదు. కాలువ చివరకు నీరందని ఏట చేలపై తెల్లని పొర తేలుటయు, నారు కొనలు మాడుటయు అందఱును ఎఱిగినదే. ఇట్టి నేలకు తగిన విత్తనమును వెదకు పని నేడు పొలములలోనే గాక కంప్యూటర్లలోని పెద్ద చిట్టాలయందును జరుగుచున్నది. ఆ చిట్టాలు ఎట్టివో, వానితో మన సహకార సంఘములకు గల పని యేమో విన్నవించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

చెఱకు గానుగను తలచుకొందము. రసము తీయువాడొకడు, కాచువాడొకడు, అచ్చు పోయువాడొకడు. నడుమ నొక్కడు లేకున్న బెల్లము రాదు. వరి మొక్కలోను పని ఇట్లే చేయి మాఱుచు సాగును. పిండిపదార్థము కట్టుటకును, ఆకు పచ్చబడుటకును ఎంజైములను పనివాండ్రు గలరు. ఒక్కొక్క పనివానిని తయారుచేయు విధము ఒక్కొక్క జన్యువునందు లిఖింపబడి యుండును. ఒక ప్రాణి జన్యువులన్నిటి పట్టికను జీనోము అందురు. ఈ పనుల వరుసను జీవక్రియామార్గమందురు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఎస్.ఆర్.ఐ. ఇంటర్నేషనల్ అను సంస్థయందు పీటర్ కార్ప్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును ‘పాత్‌వే టూల్స్’ అను సాఫ్ట్‌వేరును నిర్మించిరి. ఒక ప్రాణి జన్యువుల పట్టిక నిచ్చినచో, అది పూర్వము ఋజువైన మార్గములతో పోల్చి, ఈ పనివాండ్రున్నారు గనుక ఈ పనులు జరుగుచుండవచ్చునని చిట్టా కట్టును. వరుసలో నొక పనివాడు కనబడనిచో ఆ స్థానమును ఖాళీగా చూపి, అందుకు తగిన జన్యువు లేవియో సూచించును. మన ప్రేవులలో నుండు ఒక సూక్ష్మజీవితో మొదలైన ఈ పని నేడు 20,000 పైచిలుకు చిట్టాలకు పెరిగినది. వరికిని ‘రైస్‌సైక్’ అను చిట్టా ఇదే సాఫ్ట్‌వేరుతో కట్టబడినది.

దీనివలన రైతున కేమి లాభమని కొందఱు సభ్యులు మమ్ము అడిగిరి. సమాధానము మన ఇంటి విత్తనముననే యున్నది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలయైన సాంబ మసూరిని ఎఱుగని రైతు లేడు. మొక్కలో సైటోకైనిను అను పదార్థము గింజల సంఖ్యను పెంచును. దానిని విఱుగగొట్టు ఎంజైమొకటి గలదు. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థవారు సాంబ మసూరిలో ఆ ఎంజైమునకు సంబంధించిన జన్యువును సవరించి, కంకికి గింజలు హెచ్చునట్లు ‘కమల’ అను రకమును చేసిరి. మారుటేరునుండి వచ్చిన కాటన్‌దొర సన్నాలు, అనగా ఎం.టి.యు. 1010 నుండి, కఱవును ఉప్పును ఓర్చుటకై ఢిల్లీలో మఱియొక రకము చేయబడినది. ఈ రెంటిని 2025 మే 4న కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది. మార్గములో ఏ పనివాడెచ్చట నున్నాడో తెలియనిదే ఇట్టి సవరణ సాధ్యము కాదు.

అయినను చిట్టాలో నున్నదంతయు ఋజువైనదని తలపరాదు. అందలి పద్దులు రెండు తెఱగులు. ప్రయోగముచేత తేలినవి కొన్ని. పోలికచేత ఊహింపబడినవి అనేకములు. 2005లో పది దేశములవారు కలిసి ప్రకటించిన వరి జీనోము నిప్పన్‌బరె అను జపాను రకముది. అందు 11వ క్రోమోజోము పనిలో మన దేశమువారును పాల్గొనిరి. 2014లో 89 దేశములకు చెందిన 3,024 వరి రకముల జీనోములు వెలువడినవి. ఇవి గొప్ప పనులే. కాని ఒక విత్తనము దివిసీమ చౌడులో దాళ్వా పంటగా ఎట్లు నిలిచెనో జన్యువుల అక్షరములు మాత్రమే చెప్పజాలవు. అది చెప్పవలసినది చేనిలో నిలిచిన రైతే.

నోనా బొక్రా అను బెంగాలు వడ్ల చరిత్ర చూడుడు. ఆ నేలల రైతులు ఉప్పు కోర్చు విత్తనమని దానిని తరతరములుగా కాపాడిరి. ఆ పిమ్మటనే శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించి, సోడియమును ఆకులకు చేరనీయక వెనుకకు మఱల్చు జన్యువును 2005లో కనుగొనిరి. రైతు సాక్ష్యము ముందు, చిట్టా పద్దు తరువాత. ఉప్పు కోర్చు వరిని గూర్చి బెంగాలు రైతు పద్దు చిట్టాకెక్కినది. కృష్ణా డెల్టా రైతు పద్దు ఎక్కడ?

విత్తనము చూపినచో ఎవరో లాభపడుదురను శంక న్యాయమైనదే. అందులకు దాచుట మందు కాదు, నమోదే మందు. 2001 నాటి మొక్కల రకముల సంరక్షణ, రైతు హక్కుల చట్టము రైతులు కాపాడిన రకములను వారి పేరనే నమోదు చేయించుకొను హక్కు నిచ్చుచున్నది. జన్యు సమాచారముచే లాభపడు కంపెనీలు అందు కొంత భాగమును చెల్లింపవలెనని 2024లో కాలీ నగరమున దేశములు తీర్మానించి, 2025లో నిధిని తెఱచినవి. కాని ఆ చెల్లింపు నిర్బంధము కాదు. పేరు లేనివానికి వాటా అడుగుటకు ఆధారమేమి యుండును?

కావున మా అభిప్రాయమిది. ప్రతి సంఘమును ఒక పొలము పుస్తకమును పెట్టవలెను. అందు సర్వే నంబరు, విత్తనము పేరు, అది వచ్చిన చోటు, నారు పోసిన తేది, నాటిన తేది, నేలను నీటిని పరీక్షింపగా తేలిన ఉప్పు కొలత, ఎకరపు దిగుబడి వ్రాయవలెను. నేల ఉప్పు కొలత 3 డెసీసీమెన్సులు దాటినది మొదలు సాధారణపు వరి దిగుబడి తగ్గనారంభించును. అంతకు మించిన చేనిలో నిలిచిన విత్తనమును ప్రత్యేకముగా గుర్తింపవలెను. లేత నారుగా నున్నప్పుడును పూతయప్పుడును వరి ఉప్పునకు మిక్కిలి లొంగును గనుక, ఆ రెండు వేళల చూచినదానిని విడిగా వ్రాయవలెను. మచిలీపట్టణము వ్యవసాయ పరిశోధన స్థానమువారు చౌడు నేలలకై ఎం.సి.ఎం. రకములను ఇచ్చినవారు. పుస్తకపు నకలును వారికి ఏటేట అందజేసి, తెలుగులో ప్రత్యుత్తరము కోరవలెను.

ఖర్చెంతయని యడుగుదురేమో. ఒక పుస్తకమును, వ్రాయువాడొకడును. ఋణపు చిట్టాలో ఒక్క రూపాయి తప్పినను రాత్రి దీపము పెట్టి సరిచూచు మన సంఘములు, విత్తనము విషయమున నోటి మాటతో తృప్తి చెందుట తగదు. వచ్చు సార్వా నారుమళ్లు పోయకమున్నే ఈ విషయమును మహాజన సభలో పెట్టి తీర్మానింప వేడుచున్నాము.