బోల్టు బెజ్జాలకు గ్యాస్ మంట వద్దు

రేకుల షెడ్డు కట్టించుకునేవాళ్లు ఇనుము బరువు చూస్తారు, రంగు చూస్తారు. దూలం ముక్కల్ని కలిపే ప్లేట్లలో బెజ్జాలు ఎలా పడ్డాయో మాత్రం అడగరు. బాలానగర్ షాపుల్లో ఫిట్టరుగా పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను: జతగా బిగించే ప్లేట్లకు జతగానే బెజ్జాలు వేయాలి.

20 మిల్లీమీటర్ల బోల్టుకు ఉక్కు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800 ప్రకారం మామూలు బెజ్జం 22 మిల్లీమీటర్లు. రెండు ప్లేట్లకూ విడివిడిగా గుర్తులు పెట్టి, ఒకదాంట్లో మిల్లీమీటరు అటు, రెండోదాంట్లో మిల్లీమీటరు ఇటు జరిగితే ఆ వెసులుబాటు కాస్తా చెల్లిపోతుంది. ఇంకాస్త తప్పితే, దూలం క్రేనుకు వేలాడుతుండగా బోల్టు దూరదు. అప్పుడు గ్యాస్ టార్చి పైకెక్కుతుంది. కాల్చి వెడల్పు చేసిన బెజ్జం గుండ్రంగా ఉండదు, వాషరుకు ఆనిక ఉండదు. బోల్టులన్నీ పంచుకోవాల్సిన బరువు ముందుగా అంచుకు తగిలిన ఒకటి రెండింటి మీదే పడుతుంది.

సరిగ్గా చేయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ప్లేట్ల మధ్య రజను తుడిచి, అంచులు కలిపి, సీ క్లాంపులతో బిగించాలి. సెంటర్ పంచ్ కొట్టి, ముందు సన్న డ్రిల్లు దించాలి. నేరుగా పెద్ద డ్రిల్లు పెడితే పక్కకు జారుతుంది. ఐమూలగా రెండు బెజ్జాలు పూర్తిచేసి, వాటిలో బిగుతైన పిన్నులు దిగేశాక మిగతావి వేయాలి. విప్పేముందు ప్రతి ప్లేటుకూ ఒకే వైపు జత నంబరు కొట్టాలి. ప్లేటు తిరగబడినా, జత మారినా చేసిన శ్రమంతా వృథా. విప్పాక బెజ్జాల అంచున లేచిన బర్ గీకేయాలి. లేకపోతే ప్లేట్లు ఒకదానికొకటి ఆనవు.

ఇదంతా ఫిట్టర్లకు తెలియక కాదు. పని టన్ను లెక్కన ఇస్తున్నాం. క్లాంపు బిగించిన గంటకు టన్నులో చోటు లేదు. ‘అన్నా, బండొచ్చింది, జల్దీ కానీయ్’ అనే కేక వినబడ్డాక కుర్రాడు పంచ్ పక్కన పెట్టేస్తాడు. సీఎన్‌సీ యంత్రం మీద విడివిడిగా వేసినా బెజ్జాలు కలుస్తాయి, నిజమే. చిన్న షాపుల్లో ఆ యంత్రం లేదు, అక్కడ క్లాంపే దిక్కు.

అందుకే ఒప్పంద కాగితంలో మూడు మాటలు రాయించండి. బెజ్జాల పనికి వేరే రేటు. పైకెత్తేముందు నేల మీదే దూలాన్ని కలిపి, ప్రతి బోల్టూ చేత్తో దూర్చి చూపడం. గ్యాస్‌తో కాల్చిన ప్లేటు వాపసు. ఆ షెడ్డు కింద పనిచేసేవాళ్ల ప్రాణాలకు ఈ ఖర్చు ఎక్కువేమీ కాదు.