హాస్టల్ పిల్లల మెడ మీద మచ్చ మురికి కాదు



వానలు పడ్డాయంటే మన హాస్టళ్లలో ఇదే గోల. రాత్రి బాగానే పడుకుంటాం. ఒకట్రెండు రోజులకి మెడ మీదో చెంప మీదో వాత పెట్టినట్టు ఎర్రటి గీత, మంట, పైన పొక్కులు. ఇంటి దగ్గర పెద్దోళ్లు సాలీడు ఉచ్చ పోసిందంటారు, కొందరు సర్పి అంటారు. క్లాసులో మాత్రం "హాస్టల్ వాళ్లకి గజ్జి" అని పక్కకి జరిగి కూర్చుంటారు. మా పోస్టు ఆ మాట గురించే.

అది గజ్జి కాదు. అది ఒక పురుగు పని. సెంటీమీటరు కూడా ఉండదు. నారింజ రంగు ఒళ్లు, నల్ల తల, నల్ల తోక, నడుమ నీలం మెరుపు. చీమలా పరిగెడుతుంది. సైన్సులో పీడెరస్ అంటారు, పేపర్లలో యాసిడ్ ఫ్లై, నైరోబీ ఈగ అని రాస్తారు. నిజానికి అది ఈగ కాదు, కుట్టదు, కరవదు. ట్యూబ్‌లైటు వెలుగుకి గదిలోకి వస్తుంది. నిద్రలో మనం చేత్తో నలిపేస్తే దాని ఒంట్లోని పెడరిన్ అనే విషం చర్మానికి అంటుకుంటుంది. ఆ విషాన్ని తయారు చేసేది కూడా పురుగు కాదు, దాని ఒంట్లో బతికే బాక్టీరియా.

మరి మంట వెంటనే ఎందుకు రాదు? పెడరిన్ మన చర్మ కణాల్లో ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. దెబ్బతిన్న కణాలు ప్రమాదం వచ్చిందని సంకేతాలు పంపుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, తెల్లరక్తకణాలు అక్కడికి చేరతాయి. ఎరుపు, వేడి, వాపు అందుకే. నాళాల్లోంచి ఊరిన నీరు పొక్కుల్లో చేరుతుంది. ఇదంతా జరిగేసరికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. అంటే మన ఒళ్లు దాని పని అది చేస్తోంది. ఇది అలర్జీ కూడా కాదు. పెద్ద ఆఫీసరు పిల్లాడి మెడ మీద నలిగినా ఇదే గీత వస్తుంది.

2022లో సిక్కింలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో సుమారు 100 మంది విద్యార్థులకి ఇదే వచ్చింది. దేశమంతా వార్త అయ్యింది. వాళ్లకి వస్తే "పురుగు", మనకి వస్తే "శుభ్రత లేదు". ఇదేం లెక్క?

ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. పొక్కుల నీళ్ల వల్ల పాకదు. గజ్జి అయితే అంటుతుంది, వేళ్ల సందుల్లో రాత్రిళ్లు దురద ఎక్కువ. అది వచ్చినా సిగ్గుపడక్కర్లేదు, ఇరుకు గదుల్లో పక్కపక్కన పడుకుంటే ఎవరికైనా పాకుతుంది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పురుగు ఒంటి మీద కనిపిస్తే కొట్టకండి, ఊదెయ్యండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడుక్కోండి, ఆ చేత్తో కళ్లు నలపకండి. కంటికి అంటితే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. మెడికల్ షాపులో ఏదో ట్యూబు అడిగి రాసుకోకండి. మామూలుగా రెండు మూడు వారాల్లో మానుతుంది. తర్వాత నల్లమచ్చ ఉంటుంది. వాపు వచ్చిన చోట చర్మం రంగు ఎక్కువ తయారు చేస్తుంది, మనలాంటి ముదురు రంగు ఒంటి మీద అది నెలలపాటు కనిపిస్తుంది. మెల్లగా పోతుంది.

మందు కొట్టించేస్తే సరిపోతుందని కొందరు సార్లు అంటారు. చచ్చిన పురుగులోనూ విషం ఉంటుంది, పక్క మీద రాలితే అదీ ప్రమాదమే. పైగా ఈ పురుగు మన వరి చేలల్లో పంటని తినే పురుగుల్ని తింటుంది. దాన్ని చంపడం కాదు, లోపలికి రాకుండా చూడాలి. కిటికీలకి జాలీలు, ప్రతి మంచానికి దోమతెర, పడుకునే వేళకి లైట్లు ఆపడం. మనం అడిగేది ఇంతే.

వానాకాలం మొదలవకముందే ప్రతి హాస్టల్ నుంచి అందరూ సంతకాలు పెట్టి ఐటీడీఏకి అర్జీ ఇద్దాం. సబ్బు కొనుక్కోమని మనకి చెప్పే ముందు కిటికీకి జాలీ వెయ్యమని అడుగుదాం.

జై ఆదివాసీ.