ఇంటర్వెల్ కబుర్లు: బురదలో డూపు ఉండడు!



ఈ వారం హీరోయిన్ల ముచ్చట్లు లేవు. అలిగి పేజీ తిప్పేయకండి. హీరో కబురే చెప్పబోతున్నాను. కాకపోతే ఈ హీరో పోస్టరు మీద కనబడడు. పలాసలోనో, టెక్కలిలోనో, ఉద్దానం కొబ్బరితోటల మధ్యనో ఉంటాడు. కోడి కూయకముందే లేచి పరిగెడుతూ ఉంటాడు.

వాడి ప్రశ్న ఇది: "బురద పరుగుపందెంలో దిగాలనుంది. గోడలెక్కాలిట, తాడు పట్టుకుని ఊగాలిట, ముళ్లకంచె కింద బురదలో పాకాలిట. ట్రైనింగ్ ఎలా గురూ?"

సినిమాలో అయితే ఏముంది! ట్యాంకరుతో నీళ్లు కొట్టిస్తారు. హీరో పడే షాటు ఒకటి, లేచే షాటు ఒకటి, మధ్యలో దొర్లేది డూపు. ట్రైనింగంతా ఒక్క పాటలో సరి. పల్లవిలో రొప్పినవాడు రెండో చరణానికల్లా ఛాంపియన్! బయట ఆ పాట మూడు నెలలు సాగుతుంది. డూపు కూడా మీరే.

డూపు అక్కర్లేని సినిమా కూడా మనకుంది సుమండీ. 1991లో వచ్చిన "అశ్విని"లో పరుగుల రాణి అశ్విని నాచప్ప తన పాత్ర తానే వేసింది. ఆమె పరిగెడుతుంటే కెమెరా కష్టపడాలి గాని ఆమెకేం!

ఇంతకీ ఈ బురద పందేలు ఎక్కడివి? సైనికుల శిక్షణ నుంచి వచ్చినవే. 1987లో ఇంగ్లండులో బిల్లీ విల్సన్ అనే మాజీ సైనికుడు "టఫ్ గై" పేరుతో మొదలుపెట్టాడు. 2010లో అమెరికాలో "టఫ్ మడ్డర్", "స్పార్టన్ రేస్" బయల్దేరాయి. మన దేశంలో "డెవిల్స్ సర్క్యూట్" వచ్చింది, హైదరాబాదులో కూడా జరిగింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మోడరన్ పెంటాథ్లాన్‌లో గుర్రపుస్వారీ తీసేసి అడ్డంకుల పరుగు పెడుతున్నారు. గుర్రం ఖర్చు తప్పింది కదా, మనవాళ్లు కూడా ఆలోచించవచ్చు!

శ్రీకాకుళం జిల్లాకి ఇదేమంత కొత్త విద్య కాదు. ఆర్మీ సెలక్షన్ల కోసం రోడ్ల మీద, ఇసుకలో పరిగెత్తే కుర్రాళ్లని అడగండి. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పరిగెత్తితే 60 మార్కులు. పులప్స్ 10 తీస్తే 40 మార్కులు. ఆపైన 9 అడుగుల గొయ్యి దూకాలి, వంకరటింకర దుంగ మీద పడిపోకుండా నడవాలి. అడ్డంకుల పందెం అంటే ఇదే, బురద ఒక్కటే తక్కువ. పట్నంవాడికి సరదా అయింది ఇక్కడ ఉద్యోగం, ఇంట్లో అయిదుగురి అన్నం. అందుకే మనవాడు ఓడితే సెల్ఫీ తీసుకుని నవ్వలేడు.

సరే, ట్రైనింగ్ మాటకి వద్దాం.

మొదటి నెల కాళ్లు. బారువ, భావనపాడు, అక్కుపల్లి... ఎక్కడ చూసినా ఇసుకే కదా. వారానికి మూడు రోజులు చాలు. తడి ఇసుక మీద మొదలుపెట్టి, అలవాటయ్యాక పొడి ఇసుకలోకి వెళ్లండి. తొలిరోజే పొడి ఇసుకలో పి.టి. ఉషలా లంఘిస్తే పిక్కలు పట్టేసి నాలుగురోజులు మంచం మీదే!

రెండో నెల చేతులు. ఈ పందేల్లో కాళ్లకంటే ముందు చేతులే మొరాయిస్తాయి. బలమైన కొమ్మ పట్టుకుని ఊరికే వేలాడండి. 20 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా తీసుకెళ్లండి. తర్వాత పులప్స్. తర్వాత కొబ్బరిపీచు తాడు. కింద ఇసుక పోసుకోవడం మాత్రం మరిచిపోకండి. గోనెసంచిలో ఇసుక నింపి భుజాన వేసుకుని నడవడం కూడా ఇప్పుడే. జీడిబస్తాలు మోసే అన్నలు ఇది చదివి నవ్వుకుంటారు. వాళ్లకి రోజూ ఇదే పని, మార్కులు వేసేవాడే లేడు!

మూడో నెల బురద. దమ్ము పట్టిన మడి కంటే మంచి గ్రౌండు ఏ స్టూడియోలోనూ దొరకదు. రైతు దగ్గర ముందు అనుమతి తీసుకోండి. "ఏటి బావూ, నా మడిలో సర్కస్సేటి?" అని గదమాయించకముందే, "రేపు ఊడుపుకి నాలుగు చేతులు సాయం వస్తాం మావా" అనండి. మడీ దొరుకుతుంది, ట్రైనింగూ అయిపోతుంది. బురదలో పెద్ద అడుగులు వేస్తే కాలు దిగబడుతుంది. చిన్న అడుగులు, మడమ ముందు లేపాలి. పాకేటప్పుడు తల కిందికి, మోచేతులు దగ్గరికి. కొత్త బూట్లు వద్దు. పాత కాన్వాసు బూట్లకి లేసు గట్టిగా బిగించండి. ఒంటరిగా వెళ్లకండి. లోతు తెలియని చెరువులో, ఊబిలో అసలే దిగకండి.

ఇప్పటిదాకా సరదా. ఇక్కడి నుంచి ఫైటింగ్ సీను. ప్రతినాయకుడు కంటికి కనబడడు, అందుకే ప్రమాదం.

ఉద్దానం అనగానే కొబ్బరి, జీడి, పనస గుర్తొచ్చే రోజులుండేవి. ఇప్పుడు కిడ్నీ జబ్బు కూడా గుర్తొస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస... ఎన్ని ఇళ్లలో ఈ జబ్బు! షుగరు, బీపీ లేనివాళ్లకి కూడా వస్తోంది. ఎంతమంది శాస్త్రవేత్తలు పరిశోధించినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి మంచినీటి పథకం కూడా వచ్చింది.

బురద పందేనికీ కిడ్నీకీ లంకె ఏమిటంటారా? ఉంది తమ్ముడూ. అలవాటు లేని ఒళ్లు ఒక్కసారిగా ఎండలో హూనం చేసుకుంటే కండరాలు దెబ్బతింటాయి. ఆ కండరాల్లోంచి వచ్చే పదార్థం కిడ్నీల మీద పడుతుంది. ఒంట్లో నీరు తగ్గి ఉంటే మరీ ముప్పు. దానికి తోడు నొప్పులని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు మింగి మళ్లీ పరిగెత్తారనుకోండి, దెబ్బ మీద దెబ్బ. నొప్పి అంటే ఒళ్లు చెబుతున్న మాట. దాని నోరు నొక్కేసి పరిగెత్తేవాడు వీరుడు కాడు.

కాబట్టి మొదటి రూలు: ట్రైనింగుకి ముందు సీరం క్రియాటినిన్ పరీక్ష, బీపీ చూపించుకోవడం. మన వైపు వాళ్లు ఇది మానకూడదు. రెండో రూలు: ఎండ ముదరకముందే ముగించండి. సముద్రం పక్క గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మూడోది: నీళ్లతోపాటు ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, చోడి అంబలి తాగండి. మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చిందంటే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి పరుగు... ఆ ఒక్క పరుగు మాత్రం తప్పకూడదు. కిడ్నీ జబ్బు ఉందని తేలినవాళ్లు ఈ సలహాలేవీ పాటించవద్దు. నీళ్లెన్ని తాగాలో, కొబ్బరిబొండాం తాగవచ్చో లేదో డాక్టరే చెప్పాలి.

నాలుగోది: బురద నీళ్లలో ఎలుకల ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉంటుంది. గాయం నుంచి లోపలికి వెళ్తుంది, కిడ్నీని కూడా పట్టుకుంటుంది. పుండు ఉంటే బురదలో దిగవద్దు. దిగి వచ్చాక సబ్బుతో కడుక్కోండి. తర్వాత జ్వరం వస్తే "బురదలో దిగాను డాక్టర్ గారూ" అని ముందే చెప్పండి. ధనుర్వాతం ఇంజక్షన్ సంగతి వేరే చెప్పాలా?

"ఇన్ని జాగ్రత్తలా! మేం మొండివాళ్లం గురూ" అంటారేమో. తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటల్ని నేలమట్టం చేసింది. రోడ్లకి అడ్డంగా చెట్లు పడ్డాయి. ఆ బురదలో, ఆ మానుల మీదుగా మీరు నడిచిన నడకకి టికెట్టూ లేదు, మెడలూ లేదు. మీ మొండితనం మీద నాకు అనుమానమే లేదు. ఆ మొండితనాన్ని మోసే ఒళ్లు నలభై ఏళ్లు నిలవాలన్నదే నా గోల.

ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ మన జిల్లా ఆడపడుచే. ఆమె అయినా మొదటిరోజే అంత బరువు ఎత్తలేదు కదా! ఎన్నో ఏళ్లపాటు కిలో మీద కిలో వేసుకుంటూ వచ్చింది.

మీరూ అంతే. ఈ వారం ఒక కిలోమీటరు, వచ్చే వారం ఇంకాస్త. ముందు ఆ రక్తపరీక్ష చేయించుకుని రండి. వచ్చే వారం హీరోయిన్ల కబుర్లు గ్యారంటీ!