కన్నవారిని చూసే హక్కు

మొయినాబాదుకూ మోకిలకూ నడుమ దూరం ఎంతో లేదు. అయినా నాలుగేళ్ల పాప ఒకతె ఏడు నెలలుగా ఆ దూరం దాటలేకపోయినది. తల్లి ఖులా పొంది మొయినాబాదులో పుట్టింట ఉన్నది. తండ్రి మోకిలలో ఉన్నాడు. ఒకనాడు అస్ర్ నమాజు తరువాత ఆ యువకుడు మా వద్దకు వచ్చి, "మౌల్వీ సాబ్, నా కూతురిని చూడనివ్వడం లేదు. చూపించేదాకా నేనూ ఖర్చులు పంపను" అన్నాడు. మరునాడు పాప మామూ ఫోన్ చేసి, "ఖర్చులివ్వని మనిషికి బిడ్డనెందుకు చూపాలి హజ్రత్? పైగా ఎత్తుకుపోతానని ఒకసారి బెదిరించాడు" అన్నాడు. ఇరువురి మాటల్లోనూ తమ హక్కు వినిపించినదే గాని బిడ్డ హక్కు వినిపించలేదు.

ప్రియ సోదర సోదరీమణులారా! దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 233వ ఆయతులో, బిడ్డ కారణంగా తల్లిని గాని తండ్రిని గాని బాధించరాదన్న ఆదేశం ఉన్నది. పాలిచ్చే తల్లి అన్నవస్త్రాల భారం తండ్రిపై ఉంచినదీ ఆ ఆయతే. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం హిజానత్, అనగా పసివారి పెంపకం, మగబిడ్డ విషయంలో ఏడేళ్ల వరకు, ఆడబిడ్డ విషయంలో యుక్తవయసు వరకు తల్లికి చెందుతుంది. అయితే బిడ్డ ఎవరి వద్ద ఉన్నా, రెండవవారు చూడకుండా అడ్డుకోరాదని మన ఫుఖహాలు స్పష్టం చేశారు. పోషణ ఒక బాధ్యత, చూపడం వేరొక బాధ్యత. ఒకరు తమ బాధ్యత తప్పినంత మాత్రాన రెండవవారి బాధ్యత రద్దు కాదు. ఈ రెంటినీ బేరానికి పెడితే నష్టపోయేది పసిబిడ్డయే.

హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక ఘటనను ఇమామ్ మాలిక్ (రహ్మ) ముఅత్తాలో నమోదు చేశారు. ఆయన అన్సార్ వంశపు భార్య నుండి విడిపోయారు. వారి కుమారుడు ఆసిమ్ ఒకనాడు ఖుబా మస్జిదు ఆవరణలో ఆడుకుంటూ కనిపించగా, చేయి పట్టుకొని తన వాహనంపై కూర్చోబెట్టుకున్నారు. బాలుని అమ్మమ్మ వచ్చి అడ్డుపడినది. వివాదం ఖలీఫా హజ్రత్ అబూబకర్ (రజి) ముందుకు వెళ్లినది. బాలుని ఆమెకే వదిలివేయమని ఆయన తీర్పు చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారు మారు పలకలేదు. తమ మాటే నెగ్గాలని పట్టుబట్టే తండ్రులు ఆ మౌనాన్ని గుర్తుంచుకోవాలి.

ఇక మొయినాబాదు పాప విషయం. మామూ చెప్పిన భయాన్ని మేము కొట్టివేయలేదు. భయం ఉన్నచోట పెద్దల సమక్షంలో కలిపించడమే ఉచితమైన మార్గం. ఇరుపక్షాలకూ నమ్మకమున్న ఒక వృద్ధురాలి ఇల్లు ఎంచుకొని, షరతులు కాగితంపై వ్రాయించాము. ప్రతి ఆదివారం ఉదయం పది నుండి పదకొండు గంటల వరకు కలవాలి. ఆ ఇల్లాలు ఆద్యంతం అదే గదిలో ఉండాలి. పాపను ఇంటి బయటకు తీసుకుపోరాదు. "అమ్మీ ఏమంటున్నది?" అని తండ్రి అడగరాదు, "అబ్బా ఏమన్నాడు?" అని ఇంటికి వచ్చాక తల్లి అడగరాదు. రాలేకపోతే ముందురోజే తెలపాలి. మూడు నెలల తరువాత ఈ షరతులను మరల పరిశీలించాలి. పోషణ సొమ్ము నెల మొదటి వారంలో బ్యాంకు ద్వారానే చేరాలి.

మొదటి ఆదివారం తండ్రి పెద్ద బొమ్మ తెచ్చాడు. పాప నానీ దుపట్టా వెనుక దాగి ముఖం చూపలేదు. అతడు కళ్లు తుడుచుకొని నేలపై కూర్చొని కమలాపండు ఒలవసాగాడు. గంట ముగియబోతుండగా పాప వచ్చి ఒక తొన అందుకొని మరల వెళ్లిపోయినది. ఆనాటికి అంతే. బిడ్డ నమ్మకం తిరిగి పొందడానికి ఓర్పు కావాలి.

అయితే కొట్టడం, మత్తు, బిడ్డను అపహరించే ప్రయత్నం వంటివి ఉన్నచోట పెద్దమనుషుల రాజీతో సరిపెట్టరాదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం క్రింద, బిడ్డ సాధారణంగా నివసించే ప్రాంతపు న్యాయస్థానాన్ని ఆశ్రయించాలి. అక్కడ బిడ్డ సంక్షేమమే ప్రధానం. కలయిక ఎక్కడ, ఎవరి సమక్షంలో జరగాలో న్యాయస్థానం నిర్ణయించగలదు. విడిపోయిన తల్లిదండ్రులిద్దరి ప్రేమా బిడ్డకు అవసరమని, దూరాన ఉన్నవారికి వీడియో కాల్ ద్వారానైనా అవకాశమివ్వాలని సుప్రీంకోర్టు 2020లో యశితా సాహు కేసులో పేర్కొన్నది. తండ్రి పోషణ ఎగవేస్తే 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ ఉన్నది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. పెద్దలు వ్రాయించిన కాగితానికి కోర్టు ఉత్తర్వుకున్న బలం లేదు. కనుక రాజీ కుదిరినా దానిని న్యాయస్థానం ముందుంచి ఉత్తర్వు పొందడం ఇరువురికీ క్షేమకరం.

నికాహ్ బంధం తెగిపోవచ్చు. ఆ పాపకు అమ్మీ అమ్మీయే, అబ్బా అబ్బాయే. బిడ్డ అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ఆ అమానత్ గురించి ప్రళయదినాన తల్లినీ, తండ్రినీ, నడుమ నిలిచిన మనలనూ ప్రశ్నించడం జరుగుతుంది. విడిపోయిన ప్రతి ఇంటి పసివారికి అల్లాహ్ ఇరువురి నీడనూ ప్రసాదించుగాక! ఆమీన్.